కొడుకు తరఫు మనిషి

మనిషి తానెవరో తెలుసుకోవడానికి ఒక జన్మ చాలదని పెద్దలంటారు. ఆ ఆసుపత్రి మూడో అంతస్తులో, గుమ్మం పక్కన బిగించిన యంత్రానికి ఒక్క చూపు చాలు. (కరెంటు ఉంటే.)

చిన్నబాబు దాని ముందు నిలబడ్డాడు. తండ్రికి మిల్లులు నడపడం పని. చిన్నబాబుకి తానెవరో వెతుక్కోవడం పని. తండ్రి మంచాన పడ్డాక కూడా ఆ పనికి నాగా పెట్టలేదు. లోపలికి కన్నబిడ్డలను మాత్రమే, అదీ ఒక్కరినే, ముఖం చూసి పంపుతారని తెలిసినప్పుడు కూడా అతను తడుముకోలేదు. కొడుకుగా డ్రైవర్ ముఖాన్ని నమోదు చేయించాడు. ఆసుపత్రి వాసన తన అన్వేషణకు పడదు మరి.

రేపు పొద్దున తండ్రికి గుండె ఆపరేషను. గట్టెక్కుతారో లేదో చెప్పలేమన్నారు. అందుకని ఈరోజు స్వయంగా వచ్చాడు.

‘మిమ్మల్ని గుర్తించలేకపోయాం’ అంది యంత్రం.

చిన్నబాబు కళ్లద్దాలు తీశాడు. జుట్టు సర్దుకున్నాడు. కాస్త నవ్వి కూడా చూశాడు. ఇన్నాళ్ల ధ్యానంలో తను తేల్చుకోలేని సంగతిని యంత్రం మళ్లీ తేల్చి చెప్పింది.

“పక్కకి జరగండి సార్, వెనక జనం ఉన్నారు” అన్నాడు కాపలావాడు.

“నేను ఆయన కొడుకునయ్యా!”

“కొడుకుగారు పొద్దున్నే వచ్చారు సార్. ముఖం తుడిచి, పాలు తాగించి, ఇప్పుడే కిందికెళ్లారు.”

అతన్ని బంధుత్వ సవరణల అధికారి దగ్గరికి పంపారు. నమోదైన కొడుకు ఒప్పుకుంటేనే ఇంకో కొడుకును పరిశీలించాలని నిబంధన. డ్రైవర్‌ని పిలిపించారు.

“కూర్చో బాబూ. మీ నాన్నగారికి ఎలా ఉంది?” అన్నాడు అధికారి డ్రైవర్‌తో. తర్వాత చిన్నబాబు వైపు గడ్డం ఎగరేసి, “ఈయన నీకేమవుతారు?” అన్నాడు.

“మా బాబుగారండీ. అయ్యగారికి అసలు కొడుకు ఈయనే. నేను కారు నడుపుతానండీ.”

అధికారి ఆలోచించాడు. “కారు నడిపే కొడుకులు చాలామంది ఉంటారు. అది అనర్హత కాదు.”

ఆపరేషనుకు ముందు కొడుకును మార్చడం రోగికి మంచిది కాదని అధికారి తేల్చాడు. అయినా దయతలచి, కాసేపు లోపలికి వెళ్లి రావడానికి ఒక పాసు ఇచ్చాడు. దాని మీద ‘కొడుకు తరఫు మనిషి’ అని ఉంది.

తండ్రి కళ్లు తెరిచే ఉన్నాడు. చిన్నబాబు దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఇక్కడ మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సరిగ్గానే ఉన్న దుప్పటిని సర్దాడు.

“వచ్చావా?” అన్నాడు తండ్రి.

“వచ్చాను నాన్నా.”

తండ్రి అతన్ని చాలాసేపు చూశాడు. పోల్చుకోకపోవడం కాదు. చూపులో కోపం కూడా లేదు.

“మంచిది. నోరెండిపోతోందిరా. అబ్బాయిని పిలువు.”

నీళ్ల గ్లాసు, దూది పక్కనే ఉన్నాయి. ఎన్ని చుక్కలో, ఎలా పట్టాలో చిన్నబాబుకి తెలియదు. పాసులో రాసిన బాధ్యతను మాత్రం అతను సక్రమంగా నెరవేర్చాడు. బయటికి వెళ్లి కొడుకును పిలిచాడు.