వెయ్యో పేరు

ఆ ఉదయం పని చాలా చిన్నది. పదింటికి జనన నమోదు కార్యాలయానికి వెళ్ళాలి, నెల రోజుల మనవడి పేరు రాయించాలి, పదకొండింటికల్లా ఇంటికొచ్చి వాడికి నీళ్ళు పోయాలి. తాతగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని జేబుకు ఎర్ర కలం తగిలించుకున్నారు. ప్రెస్సులో ముప్పై ఎనిమిదేళ్ళు ప్రూఫ్ రీడరుగా పనిచేసి ఆయన రిటైరయ్యారు గానీ ఆ కలం కాలేదు. శుభలేఖ అయినా మందుల చీటీ అయినా ఆయన చేతిలో పడితే తప్పు బయటపడాల్సిందే.

"ఫారం ఒకసారి చూసిపెట్టు నాన్నా, తప్పులుంటే చెప్పు" అంటూ కూతురు కాగితం అందించింది. "పేరు ఇప్పటిదాకా నీకు కావాలనే చెప్పలేదు."

పేరు గడి దగ్గరకు రాగానే ఆయనకు కాఫీ గొంతుకు అడ్డం పడింది.

"అదిరింది కదా మామయ్యా!" అన్నాడు అల్లుడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అతను. "పేర్ల పుస్తకంలో దొరికింది. పుట్టుక: ప్రాచీన నావికుల భాష. అర్థం: గాలివానలోనూ ఆరని దీపం. ప్రాచుర్యం: బహు అరుదు. మా వర్క్‌షాపులో అందరికీ చెప్పేశాను."

ఆ నావికుల సంగతి తాతగారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

పాతికేళ్ళ కిందట ఆ పుస్తకం ఆయన పనిచేసే ప్రెస్సులోనే అచ్చయింది. అట్ట మీద 'మగపిల్లలకు వెయ్యి పేర్లు' అని ముందే వేసేశారు. తీరా లోపల లెక్కపెడితే తొమ్మిది వందల తొంభై తొమ్మిదే తేలాయి. మిషను ఆగి ఉంది, యజమాని నెత్తిన నిలబడ్డాడు. బల్ల మీద అటూ ఇటూ చూస్తే కాగితాలు అతికించే జిగురు డబ్బా కనిపించింది. దాని మీద ఉన్న కంపెనీ పేరే వెయ్యో పేరయింది. నావికులూ దీపమూ ఆయన సొంత కవిత్వం. ఎవరు చదవొచ్చారులే అనుకున్నారు. ఉద్యోగంలో ఆయన తెలిసి తెలిసి వదిలిన తప్పు అదొక్కటే. అది ఊరంతా తిరిగి ఇప్పుడు సొంత మనవడి నెత్తికెక్కుతోంది.

సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. నిజం చెబితే, ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ దిద్దిన పెద్దమనిషి పరువు కాస్తా పోతుంది. చెప్పకపోతే మనవడు జీవితాంతం జిగురు డబ్బా పేరుతో తిరగాలి. నిజం చెప్పకుండానే పేరు మార్పించాలని నిశ్చయించుకున్నారు.

"ఇంకో పేరు చూడండర్రా. ఇది పలకడానికి నోరు తిరగదు."

"మూడే అక్షరాలు నాన్నా!"

అల్లుడు భార్యను వంటింట్లోకి పిలిచి గుసగుసలాడాడు. మోటార్ల మధ్య పనిచేసే మనిషి గుసగుస కాబట్టి వీధి చివరిదాకా వినిపించింది. "వాడికి తన పేరు పెట్టలేదని మీ నాన్న అలిగారు."

బయటికొచ్చి, "మీ పేరే పెట్టేద్దాం మామయ్యా" అన్నాడు.

"నా పేరు అసలే వద్దు బాబూ!" అంటూ ఆయన రెండు చేతులూ జోడించారు.

అల్లుడికి అది ముదిరిన అలకలా కనిపించింది. దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నాడు. బతిమాలిన కొద్దీ తాతగారి తల కిందికి వాలిపోయింది.

కార్యాలయంలో మూడో కిటికీ ముందు జనం వరస కట్టి ఉన్నారు. వాళ్ళ వంతు రానే వచ్చింది. కూతురు ఫారం లోపలికి ఇవ్వబోతుంటే తాతగారు కంగారులో దాన్ని లాక్కుని, పేరు మీద ఎర్ర కలంతో అడ్డంగా గీత కొట్టేశారు. కూతురు భుజం మీది పసివాడు ఉలిక్కిపడి రాగం అందుకున్నాడు.

"ఏంటండీ ఇది? కొట్టివేతలుంటే చెల్లదు" అన్నాడు గుమస్తా.

"ఆ పేరు తప్పండీ."

"తప్పా? మా పెద్దాడి పేరే అది!" గుమస్తా సొరుగులోంచి పుస్తకం తీశాడు. పేరు తోచక వచ్చేవాళ్ళ కోసం ఉంచిన ప్రతి, పదకొండో ముద్రణ. వరస మొత్తానికీ వినపడేలా చదివాడు. "గాలివానలోనూ ఆరని దీపం! దీనికేం తక్కువ? నిరుడు ఈ కిటికీలోనే పద్నాలుగు మందికి రాశాను."

"మా మేనల్లుడిదీ అదే పేరు. పసివాడి పేరు మీద ఆయనకెందుకంత కంటగింపు!" అంది వెనకనుంచి ఒకావిడ.

పద్నాలుగు మంది! తాతగారికి ఇక దాచే ఓపిక లేకపోయింది.

"ఆ పేరు రాసింది నేను. నావికులూ లేరు, వాళ్ళ భాషా లేదు. అది జిగురు డబ్బా మీది పేరు. లెక్కకి ఒకటి తక్కువైతే వేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను, నన్ను క్షమించండి."

గుమస్తా జాలిగా, "పుస్తకంలో అచ్చయింది కదండీ" అన్నాడు.

"ఆ అచ్చు సరిచూసిందీ నేనే!"

అల్లుడు కుర్చీ జరిపి నీళ్ళ సీసా తెచ్చాడు. "కూర్చోండి మామయ్యా. ఎంత అలక అయితే మాత్రం ఇన్ని మాటలు కల్పించాలా?"

ముప్పై ఎనిమిదేళ్ళు తప్పులు దిద్దితే మెచ్చుకున్నవాడు లేడు. ఒక్క అబద్ధం మీద మాత్రం అందరికీ ఇంత నమ్మకం. తాతగారికి చెప్పకముందు కంటే చెప్పాకే ఎక్కువ సిగ్గేసింది.

"నాన్న చెప్పేది నిజమే" అంది కూతురు, పిల్లవాణ్ణి జోకొడుతూ. "సెలవుల్లో నన్ను ప్రెస్సుకి తీసుకెళ్ళేవాడివి కదా నాన్నా. నీ బల్ల కింద కూర్చుని, ఆ డబ్బా మీద వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కునేదాన్ని. నేను మొదట చదివిన మాట అదే. పిల్లాడు పుడితే ఆ పేరే పెట్టాలనుకున్నా. జిగురు పేరంటే ఈయన ఒప్పుకోరు కదా అని పుస్తకం తిరగేస్తే అందులోనూ ఉంది. చదవగానే నీ రాతేనని తెలిసిపోయింది. అబద్ధంలో కూడా కామాలు పొల్లుపోకుండా పెట్టేది నువ్వొక్కడివే."

తాతగారి కళ్ళు నిండాయి. సిగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు. మామగారి కోసం జరిపిన కుర్చీలో అల్లుడు తనే కూలబడి, సీసాలో నీళ్ళు సగం తాగేశాడు. "వర్క్‌షాపులో ఏం చెప్పను?" అని గొణిగాడు.

గుమస్తా పుస్తకం మూసి సొరుగులో అన్నిటికంటే అడుక్కి తోశాడు. "ఆ దీపం మీద మా పెద్దాడు వ్యాసం రాసి బడిలో బహుమతి తెచ్చాడండీ" అన్నాడు నీరసంగా.

తాతగారు అతని మొహం చూడలేకపోయారు. గుమస్తా కొత్త ఫారం కిటికీలోంచి జరిపాడు. తాతగారు ఎర్ర కలం జేబులో పెట్టేసి, కూతురి నీలం కలం అడిగి తీసుకుని, ఆ మూడక్షరాలూ తన చేత్తోనే గుండ్రంగా రాశారు.

అదృష్టం బాగుండి, ఆ ఫారంలో పేరుకు గడి ఉంది గానీ అర్థానికి లేదు.