షెడ్డులో వేలంపాట

ఆదివారం పొద్దున్నే షెడ్డులోని పాత కారును అమ్మేయాలని పోస్టుమాస్టరు దంపతులు నిశ్చయించి ప్రకటన ఇచ్చారు. షెడ్డు ఖాళీ అయితే అందులో కుట్టుపని మొదలుపెడదామని భార్య రెండేళ్ళుగా కాచుకుని ఉంది. భర్త చూపు మాత్రం పేపరు మీదే ఉంది. పాత కార్ల ధరలకు రెక్కలొచ్చాయని అందులో రాశారు. కదలని కారుకు రెక్కలొచ్చాయంటే ఎవరికి చేదు?

పోటీ ఉంటేగాని ధర పలకదని ఆయన నమ్మకం. అందుకే ఆఫీసు గుమాస్తాను పిలిచి, "కొనేవాడిలా వచ్చి, ఎవరెంతన్నా ఇంకో యాభై వేలు ఎక్కువ చెప్పవయ్యా" అని చెవిలో ఊదాడు. భార్యకు చెప్పలేదు. ఆమె తన స్నేహితురాలి భర్తకు, అంటే పళ్ళ డాక్టరుకు, అచ్చం ఇదే పాఠం చెప్పింది. భర్తకు చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇద్దరికీ ఒకే ఆలోచన రావడం అదే మొదటిసారి.

పదింటికి గుమాస్తా, డాక్టరు వచ్చారు; ప్రకటన చూసి ఒక టోపీ పెద్దాయన కూడా వచ్చాడు. కారు కిటికీలోంచి తల లోపల పెట్టి అలాగే ఉండిపోయాడు.

"రెండు లక్షలు!" అన్నాడు గుమాస్తా.

"రెండున్నర!" అన్నాడు డాక్టరు.

డాక్టరును చూసి భర్త, గుమాస్తాను చూసి భార్య మురిసిపోయారు. పాట ఎనిమిది దాటింది, పది దాటింది. డాక్టరు పన్నెండున్నర లక్షలన్నాక గుమాస్తాకు దగ్గు తెర వచ్చింది. ఆ సందు చూసి భర్త డాక్టరు చెయ్యి పట్టేసుకున్నాడు.

"ఖాయం! కారు మీదే!"

డాక్టరు మొహం పాలిపోయింది. "అక్కయ్యగారూ, ఇక ఆపమని చెప్పరేంటండీ? నా జేబులో స్కూటరు పెట్రోలుకే డబ్బులున్నాయి!"

"మీరు ఆపితే ఆయన కొంటాడనుకున్నానే!" అని ఆమె గుమాస్తాను చూపించింది.

"నేనా? నేను సారు మనిషినండీ!"

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇక ఈ షెడ్డు నాకు దక్కినట్టే!"

పెద్దాయన తల బయటికి తీశాడు. "అమ్మా, ఈ సీటు కవర్లు ఎవరు కుట్టారు?"

"నేనేనండీ."

"నాకూ ఇలాంటి కారే ఉంది. సామాను పనికొస్తుందేమోనని వచ్చాను, అంతా తుప్పే. కానీ ఈ కుట్టు చూడండి! ధరలు పెరిగేసరికి మా క్లబ్బులో పదకొండు మందిమీ కార్లు ముస్తాబు చేస్తున్నాం. అందరికీ మీరే కుట్టాలి. షెడ్డు ఎప్పటికి ఖాళీ అవుతుంది?"

"ఇప్పుడే!" అందామె.

పాటదారులిద్దరూ చొక్కా చేతులు మడిచి కారును పెరట్లో చెట్టు కిందికి నెట్టారు. మధ్యాహ్నానికి షెడ్డులో మిషను చప్పుడు మొదలైంది. ఆమె సంతోషం పట్టలేక పాడుతుంటే, కత్తెర అందిస్తున్న భర్తకూ నవ్వు ఆగలేదు.

ఆ కారు ధర ఇప్పటికీ పెరుగుతూనే ఉందని ఆయన అంటాడు. అడిగే నాథుడే లేడు.