పదకొండు ఫ్లాట్లు, ఒక గది కప్పు

నైలు పాయ ఒడ్డున ఉన్న మా ఊళ్లో ఈ తూబా నెలకల్లా, అంటే జనవరి వానలకల్లా, పదకొండు మంది లక్షాధికారులు తయారయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వారిలో ప్రథములు మా నాన్న అబ్దుల్ మౌజూద్ గారు. సైకిళ్లకు పంక్చర్లు వేస్తారు.

ఈ ప్రగతికి మూలం మా ఊరి చీటీ, గమెయ్యా. నెలకు పన్నెండు వాటాలు, వాటాకు ఐదు వేల పౌండ్లు. పోగైన అరవై వేలూ వంతు ప్రకారం ఒకరికి. కాగితం ఉండదు, చీటీ నడిపే పెద్దావిడ హాజ్జా ఫిక్రియా జ్ఞాపకం ఉంటుంది. మొదటి వంతు నాన్నకిచ్చారు. నేనూ అమ్మా పడుకునే గది కప్పు దూలాలు పుచ్చాయని, తూబా వానలకు ఆగవని అందరికీ తెలుసు.

నాన్న దూలాలకని కైరో వెళ్లి రంగుల పుస్తకంతో తిరిగొచ్చారు.

"కప్పేదీ?" అంది అమ్మ.

"కప్పేమిటే, మన రావియా వాళ్లమ్మా! పదో అంతస్తులో ఫ్లాటు కొన్నాను. నెత్తిన ఇంకో రెండు అంతస్తులు. ఇంతకన్నా గట్టి కప్పు ఎవడికుంది?"

"ఎప్పుడు వెళ్తాం?"

"పిచ్చిదానా, అది ఉండటానికి కాదు. పెట్టుబడి! మనుషులు ఉంటే ధర పడిపోతుంది."

ధర పన్నెండు లక్షలు. కట్టింది అరవై వేలు. మిగతాదానికి నలభై చెక్కులు, మూడు నెలలకొకటి, వచ్చే జనవరి నుంచి. చెక్కు చెల్లకపోతే జైలు. ఈ సంగతి రంగుల పుస్తకంలో లేదు. భవనం ఎడారిలో ఉంది. అంటే, ఎడారి ఉంది.

మొదటి చెక్కు రాకముందే అమ్మేసి లాభం తేవడం నాన్న పథకం. అమ్మకు వెన్న అమ్మిన డబ్బుతో తను వేసే వాటా ఉంది. దాని వంతు ఆఖరిది, జనవరిలో. దూలాలు అప్పుడొస్తాయి.

ఆ సాయంత్రం నుంచే కాఫీ దుకాణంలో ధర పెరగసాగింది.

"పదమూడు లక్షలిస్తా, ఇచ్చెయ్," అన్నాడు మంగలి షహ్హాత్.

"పదిహేనుకు తక్కువైతే నోరెత్తకు," అన్నారు నాన్న.

షహ్హాత్ టీ డబ్బులు కూడా నాన్నే ఇచ్చారు. ఒక్క గంటలో మూడు లక్షలు సంపాదించిన మనిషికి అదో లెక్కా?

తర్వాతి వంతు షహ్హాత్‌ది. అదే భవనంలో తొమ్మిదో అంతస్తు కొన్నాడు. అలా నెలకొకరు. ఇక్కడ గోడ దగ్గర కొట్టుకునేవాళ్లు అక్కడా పక్కపక్కనే కొన్నారు. నాన్న బల్ల ఎక్కి ప్రసంగించారు. "సోదరులారా! మన తాతలు మట్టిని నమ్ముకుని మట్టిలో కలిశారు. మనం గాలిలో పదో అంతస్తును నమ్ముకున్నాం!" చప్పట్లు మోగాయి.

జనవరి వచ్చింది. పదకొండు మందీ ఒకేసారి అమ్మకానికి బయలుదేరి, దారిలో ఒకరికొకరు ఎదురయ్యారు.

"కొంటావా?"

"నీ దగ్గరికే అమ్మడానికి వస్తున్నా."

ఆఖరి వంతు రోజు హాజ్జా ఫిక్రియా వచ్చి అమ్మ ఒళ్లో చేతిరుమాలు మూట పెట్టింది. అందులో ఐదు వేలున్నాయి. అవి అమ్మ తెచ్చి ఇచ్చినవే.

"మిగతా అందరూ చెక్కుల కోసం అట్టేపెట్టుకున్నారు తల్లీ."

"అందరూ అంటే? నువ్వు కూడానా హాజ్జా?"

హాజ్జా చెప్పుల వంక చూసుకుంది. "ఏడో అంతస్తు. మూల ఫ్లాటు. గాలి బాగా వస్తుందన్నారు."

ఐదు వేలకు కప్పు మీద పరిచే ప్లాస్టిక్ పట్టా వచ్చింది. మూడో రోజు వానలో మధ్యాహ్నం ఒక దూలం విరిగి నా దిండు మీద పడింది. నేను బడిలో ఉన్నాను. నాన్న వచ్చి పైకీ కిందికీ చూసి ఊపిరి పీల్చుకున్నారు.

"పోన్లే. ఇది ఉండే ఇల్లే కదా, ధరేం పడిపోదు."

ఫ్లాటు అమ్మకానికే ఉంది, నిన్నటి ధర పదిహేడు లక్షలు. కాకపోతే పరుపు తడిసింది కాబట్టి, మీరు తాళం వేసి ఉంచిన ఫ్లాటు ఏదైనా ఉంటే, వానలు తగ్గేదాకా నేనూ అమ్మా అందులో పడుకోవచ్చా? ధర పడిపోతుందంటే వద్దులెండి.