గోడ దాటిన పాలగిన్నె

గడియారాలాయన ఆ పొద్దున పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. పాలు కాచాలి, టీవీ చూడాలి. రెండూ ఒకేసారి చేద్దామనుకున్నాడు. అక్కడే చెడింది.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. భార్య ప్రైవేటు రాకెట్ల కంపెనీలో చెత్త అధికారి. కంపెనీవాళ్లు ఆ కుర్చీకి నోరు తిరగని పేరేదో పెట్టారు గానీ పని మాత్రం అదే. పైకి పంపిన రాకెట్టు ఆకాశంలో చెత్తై తిరగకూడదు, తిరిగొచ్చి ఎవరి నెత్తినా పడకూడదు. వాళ్ల మొదటి రాకెట్టు పై భాగం ఆ తెల్లవారుజామున గాలిలోకి దిగి ముక్క మిగలకుండా కాలిపోవాలి. కాలిందని తేలితే రెండోదానికి అనుమతి. ముక్క మిగిలిందా, కంపెనీకి తాళం, ఆవిడ ఉద్యోగానికి నీళ్లు.

టీవీలో నిప్పుల చార సాగింది. ఆయన చప్పట్లు కొట్టాడు. వంటింట్లో పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగు కరిగి, మూతి వంకరపోయింది. ఊరందరి టైమూ సరిచేసేవాడికి పాలు పొంగే టైము తెలియదు.

ఇది మూడో గిన్నె. "ఇంకొకటి మాడిస్తే టీవీ అమ్మేస్తా" అని భార్య ముందే చెప్పింది. అన్నమాట తప్పే మనిషి కాదు. చెత్తబుట్టలో వేద్దామంటే ఇంటి చెత్త కూడా ఆవిడే విడదీస్తుంది. గుండుసూది పడినా పట్టేస్తుంది. అటూ ఇటూ చూసి, గిన్నెను గోడ మీదుగా పక్కింటి పెరట్లోకి విసిరాడు. తర్వాత తీరిగ్గా తెచ్చుకోవచ్చనుకున్నాడు.

పక్కింట్లో రిటైరైన హెడ్మాస్టరు ఉంటాడు. ఆయనా ఆ నిప్పుల చారను కిటికీలోంచి చూసి లేచాడు. అంతలోనే పెరట్లో ధడేల్మని చప్పుడు. ఇంకేముంది, పక్కింటావిడ పనిచేసే కంపెనీకి ఫోను చేశాడు.

కాసేపటికి వ్యాను దిగింది. రాకెట్టు ముక్కకు విషపు ఇంధనం అంటుకుని ఉండవచ్చని కంపెనీ నియమం. అందుకని అందరూ తెల్ల దుస్తులు, ముక్కులకు మాస్కులు తొడుక్కుని, హెడ్మాస్టరుకూ ఒక మాస్కు తగిలించి, చుట్టూ రిబ్బను కట్టారు. ముందు, రాత్రి నుంచీ ఆఫీసులోనే ఉన్న గడియారాలాయన భార్య, వెనక కంపెనీ పెద్ద, ఆ వెనక అనుమతులిచ్చే అధికారి.

"మాస్టారూ, మీరు చూశారా?" అంది భార్య.

"కళ్లారా చూశానమ్మా. ఆగ్నేయం నుంచి మండుతూ వచ్చింది."

గోడ వెనక నుంచి వింటున్న గడియారాలాయన చప్పున కిందికి వంగాడు. హెడ్మాస్టరు ఇంటికి ఆగ్నేయంలో ఉన్నది తన వంటిల్లే.

"మీదేనా ఇది?" అన్నాడు అధికారి.

"రాడారు లెక్కలు మధ్యాహ్నానికి గానీ రావు సార్. కానీ అల్యూమినియమే. కాలిన తీరూ అలాగే ఉంది. మాదైతే దాచను, రాసిస్తాను."

"తొందరెందుకమ్మా. ఎక్కడిదో గాలికి కొట్టుకొచ్చిందేమో," అన్నాడు కంపెనీ పెద్ద.

"కొట్టుకురావడానికి అదేమన్నా ఆరేసిన చొక్కానా సార్?" అని ఆవిడ కలం తీసింది.

ఒక పక్క టీవీ, ఒక పక్క పెళ్లాం ఉద్యోగం. గడియారాలాయన తూచుకున్నాడు. తూచుకోవాల్సి వచ్చింది, అదీ ఆయన సంగతి. చివరికి గిన్నె మూత పట్టుకుని గోడ ఎక్కి అటువైపు దిగాడు.

"అది మా పాలగిన్నె. మాడ్చింది నేనే, విసిరింది నేనే. ఇదిగో మూత."

ఒకతను పట్టకారతో మూత పెట్టి చూశాడు. వంకరపోయిన మూతికి మూత పట్టలేదు.

"భార్య మీద ప్రేమ ఉండొచ్చు బాబూ. దానికోసం మాకు కథలు చెప్పొద్దు," అన్నాడు అధికారి.

"గోడ మీంచి వస్తే నాకు తెలీదా?" అన్నాడు హెడ్మాస్టరు.

భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెళ్లయ్యాక నాకోసం పుల్ల తీసి అటు పెట్టలేదు. ఇవాళ నాకోసం ఇంత అబద్ధం ఆడారా?"

"ఆడలేదే," అన్నాడాయన నీరసంగా. ఆవిడ ఇంకా కరిగిపోయింది. ఎన్నేళ్లకో దక్కిన ఆ చూపు ఆయనకు బాగానే ఉంది. నోరు మూసుకుందామా అనిపించింది కూడా.

అప్పుడే హెడ్మాస్టరు పిల్లి రిబ్బను కింద నుంచి దూరింది. "విషం, విషం, పట్టుకోండి," అంటూ అందరూ వెనక్కి జరిగారు తప్ప ఒక్కరూ పట్టుకోలేదు. పిల్లి గిన్నె అంచుకు అంటుకున్న మీగడను తీరిగ్గా నాకింది. మూతి తుడుచుకుంది. మళ్లీ తల దూర్చింది.

అధికారి మాస్కు దించి గాలి పీల్చాడు.

"మీ రాకెట్టు పాలతో నడుస్తుందా?"

అందరూ మాస్కులు దించారు. పెరడంతా మాడిన పాల కంపు. ఆవిడ కళ్లు టక్కున ఆరిపోయాయి.

"ఏవండీ, ఇంటికి పదండి."

మధ్యాహ్నం రాడారు లెక్కలొచ్చాయి. ముక్క మిగలలేదు. రెండో రాకెట్టుకు అనుమతి వచ్చింది. ఎవడి చెత్త వాడే దింపుకోవాలన్నది ఆ కంపెనీ సూత్రం గనుక, హెడ్మాస్టరు పెరడంతా ఊడ్చే పని గడియారాలాయనకు పడింది.

టీవీని హెడ్మాస్టరే కొనుక్కున్నాడు. గడియారాలాయన దాన్ని గోడ మీదుగా అందించాడు. ఈసారి విసరలేదు.