నాలుగు చోట్ల పేరమ్మ

కళ ఒక జిల్లాలో ఒకేచోట వికసించడం ప్రజాస్వామ్యానికి విరుద్ధం. అది నాలుగు చోట్ల, సమానంగా, ఒకే రోజున, ముఖ్య అతిథి సౌకర్యాన్ని బట్టి వికసించాలి. 1961 వేసవిలో నెల్లూరు జిల్లా వర్ధమాన చిత్రకారుల ప్రోత్సాహక సంఘం ఈ సత్యాన్ని ఏకగ్రీవంగా కనుగొన్నది. (కనుగొన్నాక కాఫీ తాగింది.)

ఆ ప్రకారం మనుబోలులో ఒక రైసుమిల్లు, నెల్లూరులో ఒక సభామందిరం, కోవూరులో ఒక సత్రం, విడవలూరులో విత్తనాల గిడ్డంగి చిత్రకళా ప్రదర్శనశాలలుగా ప్రకటితమయ్యాయి. ఏ చోట ఆ ప్రాంతపు చిత్రకారులవే బొమ్మలు. హైదరాబాదు నుంచి వచ్చే ముఖ్య అతిథి పొద్దున మనుబోలులో మొదలుపెట్టి, సాయంత్రానికి విడవలూరులో ముగిస్తారు. పందిళ్లు, పూలదండలు, పన్నీరుబుడ్లు, దేనికీ లోటు లేదు. చిత్రకారుల విషయంలోనే కాస్త ఇబ్బంది వచ్చింది. ఆహ్వానాలు అచ్చయి పంచిపెట్టాక చూసుకుంటే, జిల్లా మొత్తం మీద వర్ధిల్లుతున్నవాళ్ల బొమ్మలు ఒక్క ప్రదర్శనకు సరిపోయేటన్నే తేలాయి.

అందులో ఒకటి మస్తానయ్యది.

మస్తానయ్య విడవలూరుకు తూర్పున సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టాడు. తండ్రి చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ ఎక్కితే కళ్లు తిరిగే మస్తానయ్య చదువుకుని, విడవలూరు బళ్లో డ్రాయింగు మాస్టరయ్యాడు, అదీ తాత్కాలికంగా. తల్లి పేరమ్మ చేపల గంపతో ఊళ్లు తిరిగి అతణ్ణి పెంచింది. "చాపయితే అమ్ముకుంటాం. బొమ్మను ఎవురు వండుకుంటార్రా?" అనేది ఆమె వాదం.

పేరమ్మ బేరం ముగించుకుని వచ్చి, ఖాళీ గంప పక్కన పెట్టి, ఇసుకలో కాళ్లు చాపుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చునేది. మస్తానయ్య ఆ రూపాన్ని మనసులో పెట్టుకుని బళ్లో గీశాడు. బొమ్మను సంఘం ఎంపిక చేశాక ఇంట్లో చెప్పాడు.

"నా మొకమా? గోడకు తగిలిస్తారా?" అని పేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సాయంత్రానికి పల్లెలో ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది. మర్నాడు పేరమ్మ పెట్టెలో దాచుకున్న కోకను ఎండలో వేసింది.

సంఘం కన్వీనరు చెంచురామయ్య గారు అంతకుముందు జిల్లా కోళ్ల ప్రదర్శనలు నడిపిన అనుభవశాలి. బొమ్మల కొరతకు ఆయన బెదరలేదు. ఒకే జట్టు బొమ్మలను లారీలో వేసి, ముఖ్య అతిథికన్నా ముందు ఊరూరికీ తిప్పుతామన్నారు. అతిథి బొమ్మలు చూసి బయట పందిట్లో కూర్చోగానే, వెనక తలుపున బొమ్మలు లారీ ఎక్కుతాయి. తర్వాతి ఊళ్లో అవి మేకులకు ఎక్కినట్టు ఫోనొచ్చేదాకా ఇక్కడ వందన సమర్పణ జరుగుతూనే ఉంటుంది.

"కోళ్లతో ఈ పని చెయ్యలేమబ్బా. దారిలో గుడ్లు పెడతాయి. బొమ్మలకు ఆ బాధ లేదు" అన్నారు.

"మరి కింద పేర్లో సార్?" అని మస్తానయ్య అడిగాడు.

"ఏ ఊళ్లో ఆ ఊరోళ్ల పేర్లు ముందే అంటించినాం. విడవలూరులో నీ బొమ్మ కింద నీ పేరే ఉంటాది. అందాకా సర్దుకోవాల. కళాకారుడికి అహంకారం పనికిరాదు."

అమ్మ చూసేది విడవలూరులోనే కదా అనుకుని మస్తానయ్య సర్దుకున్నాడు. ఎవరి బొమ్మకు వారే బాధ్యులన్న నిబంధనను అనుసరించి, లారీలో బొమ్మలు పట్టుకుని కూర్చునే గౌరవం కూడా అతనికే దక్కింది. (మిగతా చిత్రకారులు ఆ గౌరవాన్ని జ్వరాల కారణంగా వదులుకున్నారు.)

మనుబోలు మిల్లులో పేరమ్మ బొమ్మ కింద 'నాట్లు ముగిసిన వేళ, చిత్రకారుడు: మాలకొండయ్య' అని ఉంది. మాలకొండయ్య ఆ మిల్లులో వడ్లు తూచే గుమాస్తా. చేత్తో గీసిన గీతల్లో ఆయనకు తెలిసింది సంతకం ఒక్కటే. ముఖ్య అతిథి బొమ్మ ముందు నిలబడి తల ఊపారు. "రైతుతల్లి! ఆ కళ్లల్లో పచ్చటి పొలం కనిపిస్తున్నది చూడండి" అన్నారు. తలుపు వెనక నుంచి మస్తానయ్య చూశాడు. ఆ కళ్లల్లో అతను పెట్టింది సముద్రం.

నెల్లూరులో అదే బొమ్మ 'బస్సు రాలేదు' అయింది. చిత్రకారుడు ఎవరో పట్టణవాసి. ముఖ్య అతిథి చేపల గంపను కూరల బుట్టగా గుర్తించి, ఆధునిక స్త్రీ ఒంటరితనం గురించి రెండు మాటలు చెప్పారు. పెన్న వంతెన మీద వడ్ల బండ్లు అడ్డంపడి లారీ ఆలస్యమైంది. అందువల్ల వందన సమర్పణ చేస్తున్న ప్లీడరు గారు కళ గురించి చెప్పవలసింది అయిపోయి, తాను గెలిచిన దావాల గురించి చెప్పారు. అవీ అయిపోయాక ఓడినవాటి గురించి చెప్పారు. సభ దేనికీ చప్పట్లు తక్కువ చెయ్యలేదు.

వంతెన దాటాక గుంతలో పడి లారీ ఎగిరింది. బొమ్మలో పైమూల రంగు పెచ్చులు లేచింది. మస్తానయ్య అయ్యో అని అరిచాడు. డ్రైవరు తిమోతి వెనక్కి తిరిగి చూశాడు.

"ఏం బోయిందన్నా?"

"ఆకాశం పోయింది."

"ఆకాశమేగా. మొకం బాగుండాదిలే" అని తిమోతి గేరు మార్చాడు.

కోవూరు సత్రంలో పేరమ్మ 'యాత్రికురాలు' అయి, మూడో చిత్రకారుడి ఖాతాలో చేరింది. ముఖ్య అతిథి కాస్త ఆగి, "ఈమెను ఎక్కడో చూసినట్టుందే" అన్నారు.

"మా జిల్లాలో ఆడోళ్ల పోలిక అంతేనండి" అని చెంచురామయ్య గారు వినయంగా చెప్పారు.

విడవలూరు గిడ్డంగి తలుపు దగ్గర పేరమ్మ మధ్యాహ్నం నుంచే కాచుకుని ఉంది. పల్లె ఆడవాళ్లు వెంట ఉన్నారు. ఎరువుల వాసన మధ్య, విత్తనాల మూటల పైన, బొమ్మ దాని అసలు పేరుతో గోడ ఎక్కింది: 'అమ్మ, చిత్రకారుడు: మస్తానయ్య'.

పేరమ్మ బొమ్మకు దగ్గరగా పోయింది.

"నీ పేరేదిరా?"

మస్తానయ్య వేలితో చూపించాడు. ఆమె అక్షరాలను మెల్లగా తడిమింది. తర్వాత బొమ్మ ముఖం వైపు చూసింది.

"మీ నాయన పోయిన దిక్కే చూస్తా ఉండాను గదరా" అంది. అంతే అంది. ఆ ఒక్క మాటతో మనుబోలు, నెల్లూరు, కోవూరు మస్తానయ్య మనసులోంచి తుడిచిపెట్టుకుపోయాయి.

అప్పుడే ముఖ్య అతిథి లోపలికి వచ్చారు. మిగతా బొమ్మల దాకా పోకుండా ఈ బొమ్మ ముందే ఆగిపోయారు. ఎంత ముఖ్య అతిథి అయినా నాలుగోసారి గుర్తుపట్టకుండా ఉండలేరు.

"మొదటివాడు ఊహించాడు. రెండోవాడు ప్రభావితుడయ్యాడు. మూడోవాడితో అది సంప్రదాయమైంది. ఇదుగో, ఈ నాలుగోవాడు మాత్రం కాపీ కొట్టాడు!" అన్నారు బాధగా.

"అయ్యా, అది మా అమ్మ..." అని మస్తానయ్య నోరు తెరిచాడు. చెంచురామయ్య గారు మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగారు.

"నువ్వు నిజం చెప్తే నాలుగు ప్రదర్శనలూ ఒకటే అయిపోతాయి. విచారణ వస్తాది. నీది టెంపరవరీ ఉద్యోగం" అని చెవిలో చెప్పారు. "కళ కోసం ఆలోచించు నాయనా."

మస్తానయ్య కళ కోసం, ఉద్యోగం కోసం కలిపి ఆలోచించి నోరు మూసుకున్నాడు.

పేరమ్మ మాత్రం ముందుకు వచ్చింది. "ఆ బొమ్మలో ఉండేది నేనేనయ్యా" అంది.

ముఖ్య అతిథి చేతులు జోడించారు. "అమ్మా! అయితే ఆ ముగ్గురి బొమ్మలకూ కూర్చున్నది మీరేనన్నమాట. ఇంత ఎండల్లో, ఇన్ని ఊళ్లు తిరిగి!" అని తన మెడలోని దండ తీసి ఆమె మెడలో వేశారు. జనం చప్పట్లు కొట్టారు. పల్లె ఆడవాళ్లు మరీ గట్టిగా కొట్టారు. మొదట ఊహించినందుకు మనుబోలు మాలకొండయ్యకు పతకం ప్రకటించారు. మస్తానయ్య బొమ్మను గోడ మీంచి దించి, యువకుడన్న దయతో మందలింపుతో సరిపెట్టారు. చెంచురామయ్య గారే ఆ మందలింపును చదివారు. చదువుతున్నప్పుడు ఆయన గొంతు కొద్దిగా వణికిందని దగ్గరున్నవాళ్లు చెప్పారు. (దుమ్ము అయి ఉండవచ్చు.)

పల్లెకు నడిచిపోతూ మస్తానయ్య జరిగిందంతా చెప్పాడు. లారీ సంగతి, మేకుల సంగతి, మూడూళ్ల పేర్ల సంగతి. బొమ్మను చంకలో పెట్టుకుని, దండం పెట్టినంత పనిచేసి చెప్పాడు. పేరమ్మ దండ వాడిపోకుండా కొంగు కప్పుకుని విన్నది.

"అంత పెద్దాయన హైదరాబాదు నించి వచ్చి అబద్దం చెప్తాడంట్రా?" అంది.

మస్తానయ్య చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. కొంతదూరం పోయాక ఆమే కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"పోన్లేరా, ఏడవబాక. కానీ యాడో మనుబోలులో ఉండే ఆయన నన్ను చూసి గీసినాడే, ఇంట్లో ఉండే అమ్మను చూసి నువ్వు గీయలేకపోయినావా?"