పోశం కారులో పాట స్పష్టంగా లేకపోవడం గురించి

తక్కువ బడ్జెట్‌లో కారుకు స్పీకర్లు ఎంచుకోవడం అనేది నాగరిక సమాజం సామాన్యుడికి పెట్టే అత్యున్నత పరీక్ష. పెళ్లి సంబంధం ఒక పూటలో ఖాయమవుతుంది. ఇంటి స్థలం ఒక సంతకంతో మనదవుతుంది. స్పీకర్లకు మాత్రం కొన్ని ఆదివారాలు, తోటి ఉద్యోగుల సలహాలు, చివర్లో కొంచెం అవమానం తప్పనిసరి.

బాబుపేట్‌లో ఉండే పోశం బొగ్గు గనిలో డ్రిల్లు మిషన్ మీద పనిచేస్తాడు. కుర్రతనం నుంచీ అదే పని. ఈ మధ్య ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. ఇంజను బాగుంది. బ్రేకులు బాగున్నాయి. ఏసీ కూడా (ఎండాకాలం తప్ప) బాగానే పనిచేస్తుంది. పాటలే బాగాలేవు. పాడేవాళ్లంతా నోట్లో దూది కుక్కుకుని పాడుతున్నారని అతని ఫిర్యాదు.

"మంచిగనే వస్తుంది గదయ్యా పాట," అంది పక్కన కూర్చున్న భార్య సారక్క.

పోశం జవాబివ్వలేదు. తన అభిప్రాయానికి జవాబు రాకపోవడం సారక్కకు అలవాటే కాబట్టి ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

ఊరికి అవతలి కొసన తుకుంలో ఒక కారు డెకరేషన్ దుకాణం ఉంది. దాన్ని నడిపే సంజీవ్ తనను తాను ధ్వని సలహాదారుగా నియమించుకున్నాడు. రాజురా వైపు తెలుగువాడే, మాట మాత్రం సగం మరాఠీ. ఆదివారం పొద్దున మొగుడూ పెళ్లాం ఇద్దరూ అతని ముందు హాజరయ్యారు.

"పహిలే బడ్జెట్ చెప్పుండ్రి కాకా."

పోశం చెప్పాడు. సంజీవ్ ఆ అంకెను గౌరవంగా విని, దానికి రెట్టింపు ధర ఉన్న డబ్బా కిందికి దించాడు. (బడ్జెట్ అడిగేది పాటించడానికే అనుకునేవారు ఇంకా ఉన్నారు. బస్టాండులో టైంటేబుల్ చూసుకునేది కూడా వీరే.)

డబ్బా మీద వెయ్యి వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది.

"అబ్బో, వెయ్యే!" అంది సారక్క.

"అది పీక్, కాకూ. ఒక్క చిటికెల వచ్చి పోతది. రోజూ వచ్చేది ఆర్ఎంఎస్. గది డెబ్బై."

"మరి డెబ్బై అనే రాయరాదా?"

"గట్ల రాస్తే ఎవరు కొంటరు?"

(ఎన్నికల్లో ఓటేసిన అనుభవం ఉన్నవారికి ఈ లెక్క వేరే వివరించనక్కర్లేదు.)

తర్వాత సంజీవ్ నిబంధనలు వినిపించాడు. మంచి స్పీకరుకు ఆంప్లిఫయర్ కావాలి. ఆంప్లిఫయర్‌కు లావు వైరు కావాలి. వైరుకు ఫ్యూజు కావాలి. ఇంత చేశాక తలుపు అదురుతుంది కాబట్టి తలుపు లోపల అతికించడానికి షీట్లు కావాలి. కారు మీ సొంతమే కాబట్టి ఆ ఖర్చు మిగిలినట్టేనని కూడా చెప్పాడు.

గోడకు బిగించిన స్పీకర్లను ఒక్కొక్క జతే మోగించాడు. మొదటిది వినగానే పోశం తల అడ్డంగా ఊపాడు. "సాఫ్ లేదు." రెండోదీ అంతే. "ఇదీ దూదే."

మూడో జతకు సంజీవ్ ఆంప్లిఫయర్ తగిలించి సౌండు పెంచాడు. దుకాణం అద్దాలు వణికాయి. పోశం ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"గిదీ! గిట్లుండాలె!"

"ఇప్పుడు గా చిన్న ట్వీటర్ వినుండ్రి కాకా. గజ్జెల సప్పుడు వస్తది సూడుండ్రి," అని సంజీవ్ గోడ మీదికి గట్టిగా వేలు చూపించాడు.

పోశం ఆ వేలు వైపు తల తిప్పి, కళ్లు మూసుకుని కాసేపు ఆస్వాదించాడు. "బ్రహ్మాండం! ఎంత సాఫ్ వస్తున్నయి గజ్జెలు!"

సంజీవ్ స్విచ్చుబోర్డు చూసి నాలుక కరుచుకున్నాడు. ట్వీటర్ స్విచ్చు ఇంకా వెయ్యనేలేదు. ఇప్పుడు వేశాడు. గజ్జెల చప్పుడు సూదిలా వచ్చి గుచ్చుకుంటే సారక్క చెవి మూసుకుంది. పోశం మాత్రం అంతే ఆనందంగా, ఏ మార్పూ లేకుండా, తల ఊపుతూనే ఉన్నాడు.

సారక్క పాట ఆపించింది. తన పెదాలు కనబడకుండా మొగుడి వెనక్కి వెళ్లి నిలబడింది.

"ఏమయ్యా, ఇంటికి పోదమా?" అంది మామూలు గొంతుతో.

పోశం ఆంప్లిఫయర్ డబ్బా తిప్పి చూసుకుంటున్నాడు.

"ఏమయ్యా," అంది మళ్లీ. ఈసారి గొంతు మామూలుగా లేదు. పోశం వెనక్కి తిరగలేదు.

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. రెండేళ్ల కింద ఆమెకు కడుపు ఆపరేషన్ జరిగింది. ఆ పొద్దున మంచం మీద పడుకుని, కిటికీ దగ్గర నిలబడ్డ ఈ మనిషితోనే ఒక మాట చెప్పింది. అతను వెనక్కి తిరగలేదు. ఆనాటి నుంచి ఆమె అవసరమైన మాటలే మాట్లాడుతోంది.

"సంజీవ్, ఈయన చెవికి ఏ ఆంప్లిఫయర్ వస్తదో చెప్పు," అంది.

సంజీవ్ వృత్తిధర్మం తప్పని మనిషి. "అది మా లైన్ కాదు కాకూ," అని రోడ్డు అవతల ఉన్న చెవి మిషన్ల దుకాణం చూపించాడు.

అక్కడి పరీక్షలో సన్నటి చప్పుళ్లేవీ పోశం దాకా రావడం లేదని తేలింది. సంజీవ్ దగ్గర ఆంప్లిఫయర్‌కు వాయిదాలున్నాయి, ఇక్కడ లేవు. పాట సరదా, కాబట్టి నెమ్మదిగా కట్టవచ్చు. చెవి అవసరం, కాబట్టి మొత్తం ఒకేసారి కట్టాలి. పోశం బడ్జెట్‌కు ఒక్క చెవే వచ్చింది.

"ఏ చెవికి పెట్టాలి?" అని అడిగారు.

"ఎడమ చెవికి," అంది సారక్క. "కారుల నేను కూసునేది గా దిక్కే."

ఇంటికి బయల్దేరారు. పాత స్పీకర్లలో పాట మొదలైంది. దూది లేదు. పోశం నవ్వాడు. మలుపు దగ్గర ఉలిక్కిపడ్డాడు.

"టిక్కు టిక్కుమంటున్నదేందే? కారుల గడియారం గిట్ల ఉన్నదా?"

"ఇండికేటరు. కొన్ననాటి సంది గట్లనే అంటుంది."

కొంచెం దూరం పోయాక పోశమే పాట ఆపాడు.

"నాకు వినబడకపోయిన మాటలల్ల పెద్దది ఏదన్న ఉన్నదా?"

సారక్క రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "ఆపరేషన్ పొద్దున, బుగులైతుంది, జర పక్కకచ్చి కూసో అన్న."

పోశం కారు పక్కకు ఆపాడు. స్టీరింగు వదిలి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వెనక లారీవాడు హారను కొడుతూనే ఉన్నాడు. అది పోశానికి వినబడింది, అయినా కదల్లేదు.

రెండో చెవి కోసం ఆ వారమే గని ఆఫీసుకు వెళ్లాడు. డ్రిల్లు చప్పుడుకు చెవి పోయినవారికి గని ఖర్చుతో మిషన్ ఇవ్వాలని రూలుంది. ఆరోగ్య విభాగం అధికారి బాపురావు ఫైలు తెరిచి, విచారంగా మూసేశాడు.

"కుదరదు పోశం. ఏటా మెడికల్ చెకప్‌ల నీ చెవులు మంచిగున్నయని రాసి ఉన్నది."

"ఎట్ల రాసిండ్రు సాబ్?"

"రూలు ప్రకారమే. ఏటా నిన్ను నిలబెట్టి, వినబడుతుందా అని అడిగినం. ఏటా నువ్వు 'ఆఁ?' అన్నవు. మేం 'ఆ' అని రాసుకున్నం."