అత్తగారి గులాబీ, ఇద్దరు దొంగలు

ఆ ఉదయం పురుగుల మాస్టారి పథకం చాలా చిన్నది. గులాబీ మొక్కకు నీళ్లు పోసి, కుండీ తుడిచి, మధ్యాహ్నం ప్రయాణం నుంచి తిరిగొచ్చే అత్తగారికి భద్రంగా అప్పగించడం. కాలేజీలో పురుగుల పాఠాలు చెప్పుకునే అల్లుడంటే ఆవిడకు మొదటినుంచీ చిన్నచూపే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఆయన చేతిలో ఒక వస్తువు పెట్టడం ఇదే మొదలు.

మేడ మీదికి వెళ్లి చూస్తే సగం ఆకులు లేవు.

"ముందు మందు కొట్టండి!" అంది భార్య.

"ఎవరికని కొట్టను? దొంగెవరో తేలాలి కదా! ఈ ఆకు చూడు, అంచు గుండ్రంగా కత్తెరేసినట్టుంది. ఇది ఆకుకోత చీమ పని. ముక్క కోసి పుట్టకి మోసుకుపోతుంది. ఈ ఆకుకేమో ఈనెలే మిగిలాయి. ఇది రంపపు ఈగ పిల్లల పని. తల్లి రంపంలాంటి ముల్లుతో కొమ్మని కోసి గుడ్లు పెట్టి చక్కాపోతుంది, పిల్లలు, ఈ పచ్చపురుగులు, కూర్చున్నచోటే మేస్తాయి. చీమ ఇంటికోసం దోచుకుంటుంది, ఇవి పొట్టకోసం. ఇద్దర్లో ఎవరి నేరం పెద్దదో..."

"మీరు తేల్చేలోపు అవి భోంచేసి చేతులు కడుక్కుంటాయి."

ఆ మాట నిజమేనని ఆయనకూ తెలుసు. కానీ విచారించకుండా తీర్పు చెప్పడం ఆయన ఒంటికి పడదు. ముందు చీమల దారి మూద్దామని, కుండీని నీళ్లు నింపిన బేసిన్‌లో పెట్టారు. కొత్త చీమలు ఎక్కలేకపోయాయి. ఎక్కినవి దిగలేకపోయాయి. దిగే దారిలేక అవి మళ్లీ కోతకే పూనుకున్నాయి.

భార్య ఓపిక నశించి కొమ్మలు పట్టుకుని దులిపింది. మాస్టారు కుండీని పట్టుకోబోయి బేసిన్‌ని తన్నారు. నీళ్లు, చీమలు, పచ్చపురుగులు, మిగిలిన ఆకులు కలిసి మెట్లు దిగి, కింది వాటావారు ఎండకు వేసిన పరుపు మీదికి చేరాయి.

"ఏమిటండీ ఈ అన్యాయం?" అని కిందినుంచి కేక.

"కంగారుపడకండి! పచ్చవి కరవవు, ఎర్రవే కరుస్తాయి!" అని మాస్టారు ధైర్యం చెప్పారు. దాంతో కేకలు రెట్టింపయ్యాయి.

ఆయన కింద బతిమాలుకుని, పరుపు దులిపి, మళ్లీ పైకొచ్చేసరికి అత్తగారు మోడు ముందు నిలబడి ఉన్నారు.

"ఆకంతా దూసేశారా?" అన్నారావిడ మెల్లగా. "కొమ్మలు కత్తిరించే ముందు ఆకు దూయాలని నాకూ తెలుసు బాబూ. చేతులు రాక ఏటా వాయిదా వేస్తున్నాను. ఈ ఇంట్లో ఒక్కరికైనా పనితనం ఉంది."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట అది. అయినా అబద్ధపు మెప్పు పుచ్చుకోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది.

"అత్తయ్యగారూ, నిజానికి..."

"మా ఇంట్లో ఇంకో నాలుగు మొక్కలున్నాయి. రేపు పంపిస్తాను. అవీ మీ చేత్తోనే కానివ్వండి."

ఆవిడ వెళ్లాక మాస్టారు ఒక ఖాళీ సీసా తీసుకుని, మెట్ల మీద బతికున్న పురుగుల్ని ఒక్కొక్కటిగా, మర్యాదగా లోపలికి ఎక్కించుకోసాగారు.